స్టీరియో వైర్లు ఇంట్లోనే చేసుకోవడం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

స్పీకర్ వైర్ల గురించీ, ఒక పరికరం నుంచి మరో పరికరానికి ఆడియో సిగ్నల్ తీసుకెళ్లే ఆర్‌సీఏ కేబుళ్ల గురించీ పాఠకులు రాసిన ఉత్తరాలకు ఈ నెల శీర్షికను కేటాయిస్తున్నాం. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చినవారెవరైనా, తీగను సరిగా ఎంచుకుని అతుకు గట్టిగా వేస్తే, దుకాణంలో ఖరీదుకు దొరికే కేబుల్‌కు ఏమాత్రం తీసిపోని కేబుల్‌ను ఇంట్లోనే చేసుకోగలరని మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: మా హాల్లో ఒక స్పీకర్ యాంప్లిఫైయర్‌కు మూడు మీటర్ల దూరంలో, రెండోది ఏడు మీటర్ల దూరంలో ఉన్నాయి. రెండూ 8 ఓమ్‌లవే. ఆక్సిజన్ తీసేసిన రాగితో చేసిన ప్రత్యేకమైన వైరే వాడాలనీ, రెండు వైపులా వైరు ఒకే పొడవు ఉండాలనీ దుకాణదారు చెబుతున్నారు. ఇళ్లలో కరెంటుకు వాడే టూ కోర్ ఫ్లెక్సిబుల్ వైరు వేస్తే ధ్వని పాడవుతుందా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పాడవదు. స్పీకర్ వైరులో మొదట చూడవలసింది దాని నిరోధం. కరెంటు వెళ్లడానికి ఒక తీగ, తిరిగి రావడానికి ఒక తీగ ఉంటాయి కనుక ఏడు మీటర్ల దూరానికి పద్నాలుగు మీటర్ల రాగిని లెక్కలోకి తీసుకోవాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల ఫ్లెక్సిబుల్ రాగి వైరుకు మీటరుకు సుమారు 0.008 ఓమ్ చొప్పున మొత్తం 0.11 ఓమ్ వస్తుంది. 8 ఓమ్‌ల స్పీకర్ మీద దీనివల్ల తగ్గే ధ్వని 0.12 డెసిబెల్ మాత్రమే, అది చెవికి అందే తేడా కాదు. అదే దూరానికి 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు వేస్తే నిరోధం 0.55 ఓమ్‌కు పెరుగుతుంది. స్పీకర్ వెనక 8 ఓమ్‌లని రాసి ఉన్నా ఆ విలువ పౌనఃపున్యాన్ని బట్టి మారుతూనే ఉంటుంది. ఒకచోట 5 ఓమ్‌లకు దిగి మరోచోట 30 ఓమ్‌లకు ఎక్కే స్పీకర్లు సాధారణం. సన్న వైరు 5 ఓమ్‌ల దగ్గర 0.9 డెసిబెల్ తగ్గించి, 30 ఓమ్‌ల దగ్గర 0.16 డెసిబెల్ మాత్రమే తగ్గిస్తుంది కనుక, తయారీదారు శ్రమపడి కుదిర్చిన స్వరాల తూకం మారిపోతుంది. వైరు మొత్తం నిరోధం స్పీకర్ ఓమ్‌లలో 5 శాతం దాటకూడదన్న నియమం వాడుకలో ఉన్నది ఇందుకే. 2.5 వైరు వేస్తే మీరు ఆ హద్దుకు చాలా లోపలే ఉంటారు.

ఆక్సిజన్ తీసేసిన రాగికీ, కరెంటు వైర్లలో వాడే మామూలు విద్యుత్ రాగికీ వాహకతలో ఉన్న తేడా సుమారు ఒక శాతానికి మించదు. మీరు జాగ్రత్తపడవలసిన మోసం వేరే ఉంది: అల్యూమినియం తీగకు పైన రాగి పూత వేసి, పారదర్శకమైన తొడుగులో అందంగా చూపించి అమ్మే స్పీకర్ వైరు. దాని నిరోధం అంతే మందం గల రాగితో పోలిస్తే సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. ఒక పోగును బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనబడుతుంది. కరెంటు వైర్ల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 694 గుర్తు ఉన్న పేరున్న కంపెనీ రాగి వైరు కొంటే ఈ బెడద ఉండదు.

రెండు వైర్లూ ఒకే పొడవు ఉండనవసరం లేదు. మూడు మీటర్లకూ ఏడు మీటర్లకూ మధ్య మీ వైరుతో వచ్చే తేడా 0.1 డెసిబెల్‌లోపే. మిగిలిన వైరును చుట్టచుట్టి స్పీకర్ వెనక దాచవలసిన పని లేదు.

వైరు చివరన ఒక సెంటీమీటరు మేర తొడుగు తీసి, పోగులన్నిటినీ గట్టిగా మెలిపెట్టి, ఒక్క పోగు కూడా పక్క టెర్మినల్‌ను తాకకుండా బిగించండి. అక్కడ షార్టయితే యాంప్లిఫైయర్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోయే ప్రమాదం ఉంది. స్క్రూతో బిగించే చోట పోగులకు సోల్డర్ పూయవద్దు, ఎందుకంటే ఒత్తిడికి సోల్డర్ మెల్లగా జరిగి కొన్నాళ్లకు పట్టు వదులవుతుంది. ప్లస్, మైనస్ తారుమారు కాలేదని తేల్చుకోవడానికి, యాంప్లిఫైయర్ దగ్గరి కొనలను ఊడదీసి ఉంచి, 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను ఎర్ర వైరుకూ మైనస్‌ను నల్ల వైరుకూ క్షణకాలం తాకించండి. రెండు స్పీకర్లలోనూ వూఫర్ (మంద్రస్వరాలు పలికే పెద్ద కోన్) ముందుకు కదలాలి. ఒకటి ముందుకూ మరొకటి వెనక్కూ కదిలితే, మీరు ఎంత మంచి వైరు వేసినా మృదంగం గుమికి నాదానికి బలం ఉండదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. పెళ్లిపందిళ్ల మైక్‌సెట్లలో చూసి కొందరు ఇంటి స్పీకర్ వైర్లకు కూడా కరెంటు ప్లగ్గులు బిగిస్తున్నారు. ఎవరైనా పొరపాటున దాన్ని గోడ సాకెట్లో పెడితే స్పీకర్‌కు 230 వోల్టులు వెళ్తాయి. దయచేసి అలా చేయవద్దు. స్పీకర్ వైర్ల కొసలకు బిగించే బనానా ప్లగ్గులు తక్కువ ధరకే దొరుకుతాయి.

ప్రశ్న: ఆర్‌సీఏ కేబుల్ సొంతంగా చేద్దామని డిష్ టీవీకి మిగిలిన కేబుల్ తీసుకున్నాను. పైనున్న జాలీకి సోల్డర్ అంటుకోవడమే లేదు. ఏ కేబుల్ వాడాలి, ఎలా అతకాలి?
— ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: మీ చేతిలో లోపం లేదు. డిష్‌కు వాడే ఆర్‌జీ-6 కేబుళ్లలో చాలావాటికి జాలీ అల్యూమినియంతో, మధ్య తీగ రాగి పూసిన ఉక్కుతో ఉంటాయి. మామూలు సోల్డర్ అల్యూమినియానికి పట్టదు. రాగి జాలీ దట్టంగా అల్లిన ఆర్‌జీ-59 కేబుల్‌ గానీ, రాగి జాలీ ఉన్న మైక్ కేబుల్‌ గానీ అడిగి తీసుకోండి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నైలోని రిచీ వీధి వంటి చోట్ల మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. కొనేముందు చివర కొద్దిగా ఒలిపించి, జాలీని గీరి చూడటానికి మొహమాటపడవద్దు.

జాలీ మీద ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. ఆర్‌సీఏ కేబుల్‌లో జాలీ బయటి రొదను ఆపే కవచమే గాక సిగ్నల్ తిరిగివచ్చే దారి కూడా. రెండు పరికరాల చాసిస్‌ల (లోహపు పెట్టెల) మధ్య ఎప్పుడూ కొద్దిపాటి 50 హెర్ట్జ్ కరెంటు జాలీ గుండా పారుతూ ఉంటుంది. జాలీ నిరోధం ఎంత ఉంటే అంత వోల్టేజీ అక్కడ పుట్టి, నేరుగా సంగీతంలో హమ్‌గా కలుస్తుంది. అందువల్ల పలుచని రేకు, దాని పక్కన ఒక సన్నతీగ మాత్రమే ఉన్న కేబుల్ కంటే దట్టమైన రాగి జాలీ మేలు. రెండు లోపలి తీగలున్న కేబుల్ తీసుకుని జాలీని ఒక కొసనే కలిపే పద్ధతి ఔత్సాహికుల్లో బాగా ప్రచారంలో ఉంది గానీ, అందులో తిరుగుదారి ఒక సన్నతీగకే పరిమితమవుతుంది కనుక ఆర్‌సీఏకు దాన్ని మేము సిఫారసు చేయము. మైక్ కేబుల్ వాడితే రెండో తీగను రెండు కొసలా జాలీతోనే కలిపేయండి.

అతికే పనికి 25 వాట్ల ఐరన్, లోపల రోజిన్ ఉన్న 60/40 సోల్డర్ (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) సరిపోతాయి. ఆ సోల్డర్ 183 డిగ్రీల వద్ద కరగడం మొదలై 190కల్లా పూర్తిగా ద్రవమవుతుంది. సీసం లేని రకాలకు 217 డిగ్రీలు దాటాలి కనుక కొత్తవారికి అవి కొంచెం కష్టం. సీసం ఉన్నందున పని ముగిశాక చేతులు కడుక్కోవాలి, పొగ పీల్చకుండా కిటికీ తెరిచి ఉంచాలి. రేకు పనికి వాడే యాసిడ్ పేస్టు దరిదాపులకు కూడా రానివ్వవద్దు. అది అతుకులో మిగిలి రాగిని తినేస్తుంది.

ముందుగా ఆర్‌సీఏ పిన్ను (ప్లగ్గు) తొడుగునూ హీట్ ష్రింక్ స్లీవ్‌నూ కేబుల్‌కు ఎక్కించండి, లేకపోతే అతికాక మళ్లీ ఊడదీయవలసి వస్తుంది. జాలీ పోగులను విడదీసి ఒక పక్కకు మెలిపెట్టి, దానికీ పిన్నులో అది కూర్చునే పట్టీకీ విడివిడిగా సోల్డర్ పూసి ఉంచుకోండి. అప్పుడు రెండూ కలిపి వేడి చేస్తే రెండు మూడు క్షణాల్లో అతుక్కుంటాయి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఎక్కువసేపు కాలిస్తే లోపలి ఇన్సులేషన్ మెత్తబడి, మధ్య తీగ పక్కకు జరిగి జాలీని తాకుతుంది; ఇంట్లో చేసిన కేబుళ్లు చెడటానికి ఇదొక ముఖ్య కారణం. సోల్డర్‌ను ఐరన్ కొనకు కాకుండా వేడెక్కిన అతుకుకు అందించాలి, చల్లారేదాకా కేబుల్ కదలకూడదు. అతుకు నున్నగా మెరుస్తూ లోహం మీద పరుచుకుని ఉండాలి. ముద్దలా నిలబడి ఉంటే మళ్లీ వేడి చేయండి. చివరగా మల్టీమీటర్‌తో మధ్య పిన్నుకు మధ్య పిన్ను కలిసిందనీ, మధ్య పిన్నుకూ బయటి రింగుకూ సంబంధం లేదనీ, కేబుల్‌ను అటూ ఇటూ వంచుతూ పరీక్షించండి.

ఆర్‌సీఏ పిన్నులో రింగు కంటే మధ్య పిన్ను ముందుగా తాకుతుంది. యాంప్లిఫైయర్ ఆన్‌లో ఉండగా గుచ్చితే ఆ క్షణంలో పెద్ద రొద స్పీకర్లకు చేరుతుంది కనుక ఎప్పుడూ ఆపివేసి గుచ్చండి.

ప్రశ్న: టర్న్‌టేబుల్‌ను యాంప్లిఫైయర్‌కు దూరంగా జరిపి, నేనే నాలుగు మీటర్ల కేబుల్ చేసి కలిపాను. అప్పటినుంచి పాటల్లో 'స'కారాలు గుచ్చుకుంటున్నాయి, తంబురా మెరుపు పోయింది. అతుకులన్నీ బాగానే ఉన్నాయి.
— ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: మీ అతుకులను అనుమానించవద్దు, కారణం కేబుల్ పొడవు. సూది కదలికను సిగ్నల్‌గా మార్చే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లోని తీగచుట్టకు ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) చాలా ఎక్కువ. 500 మిల్లీహెన్రీలు అనుకుందాం. కేబుల్ కెపాసిటెన్స్‌తో (విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణంతో) కలిసి అది ఒక పౌనఃపున్యం వద్ద అనునాదం చెంది, అక్కడ ధ్వని ఉబ్బుతుంది, అక్కడినుంచి పైకి ధ్వని పడిపోతుంది. మొత్తం 200 పికోఫారడ్‌లైతే ఆ ఉబ్బు 16 కిలోహెర్ట్జ్ దగ్గర ఉండి చెవిని బాధించదు. మైక్ రకం కేబుల్‌కు మీటరుకు 100 పికోఫారడ్‌ల వరకు సాధారణం కనుక మీ నాలుగు మీటర్లు 400 కలిపి మొత్తాన్ని 600కు చేర్చాయి; ఉబ్బు 9 కిలోహెర్ట్జ్‌కు దిగింది. మీరు విన్నది సరిగ్గా అదే.

టర్న్‌టేబుల్ సన్నని సిగ్నల్‌ను పెంచే ఫోనో ప్రీ యాంప్లిఫైయర్‌ను టర్న్‌టేబుల్ పక్కనే ఉంచి, ఒక మీటరులోపు ఆర్‌జీ-59తో కలపండి. నురుగు ఇన్సులేషన్ ఉన్న రకంలో మీటరుకు 55 పికోఫారడ్‌లకు అటూ ఇటూగానే ఉంటుంది. ఆ తర్వాతి నాలుగు మీటర్లకు మీరు చేసిన కేబులే వాడుకోవచ్చు. ప్రీ యాంప్లిఫైయర్ అవుట్‌పుట్ నిరోధం వెయ్యి ఓమ్‌లున్నా 400 పికోఫారడ్‌ల ప్రభావం 400 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో గాని మొదలుకాదు. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే విడి గ్రౌండ్ తీగను ప్రీ యాంప్లిఫైయర్‌కు కలపడం మాత్రం మరచిపోవద్దు.

ప్రశ్న: కంప్యూటర్‌ను యాంప్లిఫైయర్‌కు కలపగానే హమ్ వస్తోంది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందని మెకానిక్ అన్నారు, నిజమేనా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: హమ్ పోవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. ఎర్త్ తీసేసిన పరికరంలో ఇన్సులేషన్ ఎక్కడ చెడినా దాని చాసిస్‌కు 230 వోల్టులు చేరతాయి. ఆర్‌సీఏ రింగులన్నీ చాసిస్‌కే కలిసి ఉంటాయి కనుక మీరు ముట్టుకునే ప్రతి కేబుల్ కొసకూ ఆ కరెంటు వస్తుంది. ఎర్త్ పిన్నును ఎట్టి పరిస్థితిలోనూ తీయవద్దు.

రెండు పరికరాలనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. తగ్గకపోతే కంప్యూటర్‌కు ఉన్న ఇతర కేబుళ్లను, ముఖ్యంగా టీవీతో కలిపేదాన్ని, ఒక్కొక్కటిగా తీసి వినండి. ఏది తీస్తే హమ్ ఆగిందో, ఎర్త్ తీగలూ కేబుల్ జాలీలూ కలిసి హమ్ కరెంటు పారేందుకు చేసే చుట్టు అక్కడ పూర్తవుతోందన్నమాట. దాన్ని తెంచడానికి ఆడియో లైన్‌లో, తీగ సంబంధం లేకుండా సిగ్నల్‌ను మాత్రమే దాటించే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడమే సురక్షితమైన మార్గం.

ప్రశ్న: వెండి తీగతో కేబుల్ చేసుకుంటే మేలా? కొన్ని కేబుళ్ల మీద బాణం గుర్తు ఎందుకుంటుంది?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వెండి వాహకత రాగి కంటే సుమారు ఆరు శాతం ఎక్కువ, అంతమేర మందమైన రాగి వేస్తే అదే ఫలితం వస్తుంది. ఆడియో సిగ్నల్ ఏసీ కనుక తీగకు దిశ లేదు. జాలీని ఒక కొసనే కలిపిన కేబుళ్లలో ఆ కొస ఏదో తెలపడానికి బాణం ఉపయోగపడుతుంది, మిగతావాటిలో దానికి అర్థం లేదు. వెండికి పెట్టదలచిన డబ్బును మంచి స్పీకర్లకు దాచుకోండి.

ప్రశ్న: డిజిటల్ కోయాక్సియల్ కేబుల్ కూడా ఇలాగే చేసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చేసుకోవచ్చు, అయితే 75 ఓమ్‌ల ఇంపెడెన్స్ గల కేబులే వాడాలి (ఇది తీగ నిరోధం కాదు, వేగంగా మారే సిగ్నల్‌కు కేబుల్ చూపే విలువ), ఆర్‌జీ-59 ఆ రకమే, మైక్ కేబుల్ ఇక్కడ పనికిరాదు. హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ కేబుళ్లను మాత్రం కొనుక్కోండి. వాటిలోని జంట తీగల అల్లికనూ అతుకుల కొలతనూ ఇంట్లో చేతితో సాధించడం సాధ్యం కాదు.