ఆముదం గింజల్లోని విషంతో క్యాన్సర్ తగ్గుతుందా?

బాబాయికి లింఫోమా అనే రక్త క్యాన్సర్ ఉందని తేలిందనీ, ఆముదం గింజల్లోని రైసిన్ క్యాన్సర్ కణాలను చంపుతుందని వాట్సాప్‌లో వచ్చిందనీ రాశారు. గింజలు నూరి ఇవ్వొచ్చా అని అడిగారు. దయచేసి ఇవ్వకండి. రైసిన్‌కు విరుగుడు లేదు. కొన్ని గింజలు నమిలినా ప్రాణం మీదికి రావచ్చు. (గానుగ పట్టినప్పుడు ఆ విషం చెక్కలోనే ఉండిపోతుంది, నూనెలోకి రాదు. తలకు రాసుకునే ఆముదం గురించి టెన్షన్ పడక్కర్లేదు.)

అయితే ఆ మెసేజ్ ఉత్త గాలి కబురు కూడా కాదు. నా పీహెచ్‌డీ ఇలాంటి విషాల మీదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

రైసిన్‌లో రెండు ముక్కలుంటాయి. 'బి' ముక్క కణం పైపొర మీదున్న చక్కెరలను పట్టుకుంటుంది. 'ఏ' ముక్క లోపలికి దూరి, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములను పాడుచేస్తుంది, అదీ నిమిషానికి వెయ్యికి పైగా. చిక్కంతా 'బి' ముక్కతోనే. అది పట్టుకునే చక్కెరలు ఒంట్లో దాదాపు ప్రతి కణం మీదా ఉంటాయి. అందుకే పరిశోధకులు దాన్ని తీసేసి, ఆ చోట క్యాన్సర్ కణం మీది గుర్తును పట్టే యాంటీబాడీని తగిలించారు. ఇమ్యునోటాక్సిన్ అంటే ఇదే.

మా ఇమ్యునోటాక్సిన్‌లో మేం వాడింది రైసిన్ కాదు, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా విషం. సీడీ22 అనే గుర్తును పట్టే యాంటీబాడీకి దాన్ని తగిలించాం. ఆ గుర్తు ఉన్న 'రాజీ' కణాలను, అది లేని 'జుర్కాట్' కణాలను (రెండూ ల్యాబ్‌లో పెంచే రక్త క్యాన్సర్ కణాలే) ఒకే ప్లేట్‌లో పక్కపక్క వరసల్లో పెంచి, రెండింటికీ ఒకే మోతాదు వేసేవాళ్లం. మిల్లీలీటరుకు కొన్ని నానోగ్రాములే. మూడు రోజులయ్యాక ఎంటీటీ అనే పసుపు రంగు కలిపితే బతికున్న కణాలు దాన్ని ఊదాగా మారుస్తాయి. జుర్కాట్ వరస నేరేడు పండు రంగుకు తిరిగేది, రాజీ వరస లేత పసుపుగానే ఉండిపోయేది. ఆ ప్లేట్ చూస్తే ఎవరికైనా మందు దొరికేసిందనే అనిపిస్తుంది.

కానీ ఈ పనిలో చంపడమే తేలిక. మనిషి ఒంట్లోకి వెళ్లాక, బ్యాక్టీరియా ప్రొటీన్ కనుక రోగనిరోధక వ్యవస్థ ఒకట్రెండు విడతల్లోనే యాంటీబాడీలు పుట్టించి దాన్ని అడ్డుకుంటుంది. డిఫ్తీరియా విషంతో చేసినవాటికైతే చిన్నప్పటి టీకా పుణ్యమా అని యాంటీబాడీలు ముందే కాచుకుని ఉండొచ్చు! దాన్ని తట్టుకున్నా, సన్నటి రక్తనాళాల్లోంచి నీరు కారి ఒళ్లు వాచిపోవడం, బీపీ పడిపోవడం ఉంటాయి. గట్టి గడ్డల్లోకి ఇంత పెద్ద ప్రొటీన్ లోతుగా దిగదు కూడా. ఇంతవరకు వచ్చిన ఫలితాలు ఎక్కువగా రక్త క్యాన్సర్లలోనే ఉండటానికి ఇదో కారణం.

అమెరికాలో ఐరా పాస్టన్ బృందం పరిశోధనలోంచి వచ్చిన ఇలాంటి ఇమ్యునోటాక్సిన్ మోక్సెటుమోమాబ్‌కు 2018లో హెయిరీ సెల్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ కోసం అనుమతి దొరికింది. ట్రయల్‌లో 80 మందికి ఇస్తే 75 శాతం మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. అయినా 2023లో కంపెనీ దాన్ని అక్కడి మార్కెట్ నుంచి తీసేసింది. జబ్బే అరుదు, పైగా మందు ఇస్తున్నన్నాళ్లూ కిడ్నీలనూ బీపీనీ కనిపెట్టుకుని ఉండాలి, దాంతో వాడేవాళ్లు తగ్గారు. పనిచేయని మందు కాదది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నన్నడిగితే ఈ ఆలోచన నిజంగా నిలదొక్కుకుంది ఏడీసీలతో (యాంటీబాడీ-డ్రగ్ కాంజుగేట్లతో). వాటిలో యాంటీబాడీకి ప్రొటీన్ విషం బదులు చిన్న రసాయన విషాన్ని తగిలిస్తారు, దాన్ని రోగనిరోధక వ్యవస్థ అంత తేలిగ్గా పసిగట్టదు. 2011లో అమెరికాలో అనుమతి పొందిన బ్రెంటుక్సిమాబ్ వెడోటిన్ అలాంటిదే. అందులోని విషానికి నమూనా హిందూ మహాసముద్రంలోని ఒక నత్తజాతి జీవిలో దొరికింది. ఇప్పుడు మాత్రం దాన్ని ల్యాబ్‌లోనే తయారుచేస్తారు. వేళ్లు, పాదాలు తిమ్మిరెక్కడం దీని పెద్ద సైడ్ ఎఫెక్ట్.

మీ బాబాయిగారి బయాప్సీ రిపోర్ట్‌లో ఐహెచ్‌సీ అనే భాగం చూడండి. సీడీ20, సీడీ30 లాంటి గుర్తుల పక్కన పాజిటివ్, నెగటివ్ అని రాసి ఉంటుంది. బ్రెంటుక్సిమాబ్ పట్టుకునేది సీడీ30నే. అది పాజిటివ్ అయితే ఆ మందు ఈయనకు పనికొస్తుందా, ఇప్పుడే ఇవ్వాలా, మొదటి కీమోకు లొంగకపోతే చూడాలా అని ఆంకాలజిస్టును అడగండి. చాలా ఖరీదైన మందు. ఇన్సూరెన్స్ ఉంటే అందులో వస్తుందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి.