పాస్‌వర్డ్ ఇవ్వకపోతే ఆఫర్ రద్దవుతుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక ఐటీ కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్‌పై సంతకం చేసి పంపాను. ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఏజెన్సీ నా సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయమంటోంది. నా ఇన్‌స్టాగ్రామ్ ప్రైవేట్‌లో ఉంది. వీడియో కాల్‌లో లాగిన్ అయి చూపించమని, లేదంటే పాస్‌వర్డ్ ఇమ్మని అడుగుతున్నారు. కాదంటే ఆఫర్ పోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: పాస్‌వర్డ్ ఇవ్వకండమ్మా. లాగిన్ అయి చూపించడమూ వద్దు. 2011 నాటి ఐటీ నిబంధనల్లో బ్యాంకు వివరాలు, వైద్య రికార్డులతో పాటు పాస్‌వర్డ్ కూడా సున్నితమైన వ్యక్తిగత సమాచారమే. దాన్ని తీసుకోవాలంటే మీ రాతపూర్వక సమ్మతి ఉండాలి, ఆ పనికి అది నిజంగా అవసరమై ఉండాలి, ఇవ్వనని చెప్పే వీలూ మీకు ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి మీ ఇన్‌బాక్స్‌తో ఏం పని? అందులో మీ స్నేహితుల మాటలూ ఉంటాయి. వాళ్ల సమ్మతి ఎవరు తీసుకున్నారు?

హెచ్-1బీ వీసాకూ ఇలాగే అడుగుతున్నారని ఏజెన్సీ చెబితే తలూపకండి. 2025 డిసెంబర్ 15 నుంచి ఆ దరఖాస్తుదారులను ప్రొఫైళ్లు పబ్లిక్‌లో పెట్టమంటున్నది అమెరికా ప్రభుత్వం. అక్కడా పాస్‌వర్డ్ అడగరు.

మీరే అందరికీ కనిపించేలా పెట్టిన పోస్టుల సంగతి వేరు. వాటిని చూడకుండా కంపెనీని ఆపే చట్టం లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఎవరికి వారు బహిరంగం చేసుకున్న సమాచారాన్ని తన పరిధిలోంచి తప్పించింది. అయితే ఈ మినహాయింపు మీరు పెట్టినవాటికే. స్నేహితురాలు పెట్టి మిమ్మల్ని ట్యాగ్ చేసిన ఫొటోకు వర్తించదు. ఈ చట్టంలోని సమ్మతి, ఫిర్యాదు సెక్షన్లు 2027 మేలో గానీ అమల్లోకి రావు. అందాకా 2011 నిబంధనలే ఆధారం. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది కదా అంటారేమో. నిజమే, కానీ దాన్ని పట్టుకుని ప్రైవేటు కంపెనీ మీద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయడం సాధారణంగా కుదరదు.

ఇక ఆఫర్ సంగతి. ‘వెరిఫికేషన్ సంతృప్తికరంగా ఉంటేనే’ అన్న షరతు లెటర్‌లో ఉందేమో చూడండి. చాలావాటిలో ఉంటుంది. ఉంటే కంపెనీ వెనక్కి తగ్గగలదు, కాబట్టి పోదని నేను హామీ ఇవ్వలేను. ఉద్యోగం ఇచ్చి తీరాలని ప్రైవేటు కంపెనీని కోర్టు ఆదేశించడం చాలా అరుదు. షరతు లేకుండా ఇచ్చిన ఆఫర్‌ను మీరు ఒప్పుకున్నాక రద్దు చేస్తే మాత్రం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కింద నష్టపరిహారం అడగొచ్చు. అందుకే వెరిఫికేషన్ ముగిసిందని మెయిల్ వచ్చేదాకా ఇప్పుడున్న ఉద్యోగం వదలకండి. వెంటనే రాజీనామా చేయమని తొందరపెడితే ఆ మెయిల్ దాచుకోండి. మీకు జరిగిన నష్టానికి అదే సాక్ష్యం.

భయపడి ఫారంలో ‘ఖాతాలు లేవు’ అని మాత్రం రాయొద్దు. అది తప్పుడు డిక్లరేషన్ అవుతుంది. రెండేళ్ల తర్వాత బయటపడినా ఉద్యోగంలోంచి తీసేయడానికి దాన్నే కారణంగా చూపిస్తారు. లింక్డిన్ లింకు ఇచ్చి, మిగతా గడిలో ‘వ్యక్తిగత ఖాతాల వివరాలు ఇవ్వడానికి సమ్మతించను’ అని రాయండి. సమ్మతి పత్రంలో ‘ఏ మూలం నుంచైనా ఏ సమాచారమైనా’ అన్న వాక్యం ఉంటే కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, ఫొటో తీసుకోండి. హెచ్‌ఆర్ ఫోన్‌లో ఏం చెప్పినా అదే రోజు మెయిల్‌లో తిరిగి రాయండి. అందులోనే ఏయే ఖాతాలు చూస్తారు, ఎన్నేళ్ల వెనక్కి వెళ్తారు, నివేదిక ఎంతకాలం ఉంచుతారు అని అడగండి. ఒత్తిడి ఆగకపోతే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఫిర్యాదు చేయండి. నెలలోగా పరిష్కరించాలని ఆ 2011 నిబంధనలే చెబుతున్నాయి.

పాస్‌వర్డ్ ఇప్పటికే చెప్పేసి ఉంటే ఇప్పుడే మార్చి, అన్ని పరికరాల్లోనూ లాగౌట్ చేయండి. దాన్ని ఎవరైనా మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం సెక్షన్ 66సీ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

నివేదిక కాపీ అడగడం మరవకండి. మన దగ్గర ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు ఎందరో. వేరొకరి పోస్టును మీదిగా రాశారేమో అందులో చూస్తేనే తెలుస్తుంది.