గరిష్ఠం 50 అని రాసినా థ్రెడ్లు నాలుగే ఎందుకు?

ప్రశ్న: మా సంస్థకు దిల్‌సుఖ్‌నగర్ నుంచి మియాపూర్ దాకా నగరంలో పలు రక్తపరీక్షా కేంద్రాలు ఉన్నాయి. పరగడుపున తీసుకున్న నమూనాల ఫలితాలు ఉదయం 10, 11 గంటల మధ్య నిమిషానికి సుమారు 180 చొప్పున సిద్ధమవుతాయి. ఒక్కో రిపోర్టును పీడీఎఫ్‌గా తయారుచేసి రోగికి ఎస్సెమ్మెస్ పంపే పనిని, పనులను థ్రెడ్లకు (ఒకేసారి పక్కపక్కన నడిచే పని ధారలకు) పంచిపెట్టే జావాలోని థ్రెడ్‌పూల్‌ఎగ్జిక్యూటర్‌కు అప్పగించాం. ఒక్కో పనికి దాదాపు 2 సెకన్లు పడుతోంది. కోర్ (మామూలుగా ఉంచే థ్రెడ్ల సంఖ్య) 4, గరిష్ఠం 50 అని ఇచ్చినా ఎంత రద్దీలోనూ నాలుగుకు మించి థ్రెడ్లు పుట్టడం లేదు. రిపోర్టులు అరగంట ఆలస్యమవుతున్నాయి, మెమరీ పెరిగిపోతోంది. కొన్నయితే అసలు వెళ్లడమే లేదు, లాగ్‌లో ఏ తప్పూ కనబడదు. కారణమేమిటి?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: పనులు ఎక్కువైతే ముందు థ్రెడ్లు పెరుగుతాయని, అవి చాలనప్పుడే క్యూ (పనులు వేచి ఉండే వరస) మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. థ్రెడ్‌పూల్‌ఎగ్జిక్యూటర్ వరస దీనికి తలకిందులుగా ఉంటుంది. కోర్ సంఖ్య నిండేవరకే అది కొత్త పనికి కొత్త థ్రెడ్‌ను పుట్టిస్తుంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి పనినీ క్యూలో పెడుతుంది. క్యూలో చోటు లేదన్నప్పుడు మాత్రమే గరిష్ఠ సంఖ్య వైపు కదులుతుంది. మీరు క్యూ సంగతి రాయలేదు గానీ, లక్షణాలను బట్టి అది పరిమాణం చెప్పకుండా సృష్టించిన లింక్డ్‌బ్లాకింగ్‌క్యూ అయి ఉండాలి. పరిమాణం ఇవ్వకపోతే దాని సామర్థ్యం 214 కోట్లకు పైమాటే కనుక, అది నిండేలోపు మీ మెమరీ అయిపోతుంది. ఆ 50 అనే సంఖ్య అలంకారంగానే మిగిలిపోయింది.

ఆలస్యం లెక్క కూడా సరిగ్గా సరిపోతోంది. రెండేసి సెకన్ల పనులను 4 థ్రెడ్లు నిమిషానికి 120 మాత్రమే పూర్తిచేయగలవు. వచ్చేవి 180 కాబట్టి నిమిషానికి 60 మిగిలి, 11 గంటలకల్లా 3,600 పోగుపడతాయి. ఆ క్షణంలో క్యూ చివర చేరిన రిపోర్టు వంతు రావడానికి ముప్పై నిమిషాలు పడుతుంది. సెకనుకు 3 పనులు, ఒక్కోదానికి 2 సెకన్లు అంటే కనీసం 6 థ్రెడ్లు తీరిక లేకుండా ఉండాలి. ఒడుదొడుకులను దృష్టిలో పెట్టుకుని కోర్‌నూ గరిష్ఠాన్నీ రెంటినీ 12గా ఇవ్వడం నా సలహా. ఒక్కసారిగా 50కి వెళ్లాలన్న ఉబలాటం వద్దు: డేటాబేస్ కనెక్షన్ల పూల్ హికారీసీపీ అయితే దాని సహజ పరిమితి 10 మాత్రమే, అది పెంచకపోతే అదనపు థ్రెడ్లు అక్కడ వరసకట్టి నిలబడతాయి.

అసలు ముందుగా నిర్ణయించవలసింది క్యూ పరిమాణం. అది సాంకేతిక ప్రశ్న కాదు, ఎంత ఆలస్యాన్ని రోగి సహించగలడన్న ప్రశ్న. ఐదు నిమిషాలని మీ యాజమాన్యం చెబితే, 12 థ్రెడ్లు సెకనుకు 6 పనుల చొప్పున 300 సెకన్లలో 1,800 పూర్తిచేస్తాయి కాబట్టి, పరిమాణం ముందే చెప్పవలసిన క్యూ అయిన అరేబ్లాకింగ్‌క్యూకు 1,800 ఇవ్వండి. అది కూడా నిండితే ఏం జరగాలో మీరే చెప్పాలి. ఏమీ చెప్పకపోతే పని తిరస్కరణకు గురై ఎక్సెప్షన్ (తప్పు సంకేతం) వస్తుంది. కాలర్‌రన్స్‌పాలసీ పెడితే పని అప్పగించిన థ్రెడే దాన్ని చేసుకోవలసి వస్తుంది కనుక రాక దానంతటదే నెమ్మదిస్తుంది. అయితే ఆ థ్రెడ్ కౌంటర్ సిబ్బంది తెరకు జవాబిచ్చేదైతే ఆ తెర బిగుసుకుపోతుంది. క్యూలో రిపోర్టు మొత్తాన్ని కాక దాని నంబరును మాత్రమే ఉంచితే మెమరీ భారం చాలావరకు తగ్గుతుంది.

మాయమైన రిపోర్టుల విషయంలో నా అనుమానం పనిని అప్పగించే సబ్మిట్ అనే పిలుపు మీద. సబ్మిట్‌తో ఇచ్చిన పనిలో ఎక్సెప్షన్ వస్తే అది ఫలితాన్ని ఉంచే ఫ్యూచర్ వస్తువులో దాగిపోతుంది. ఆ ఫలితాన్ని అడిగే గెట్ ఎవరూ పిలవకపోతే లాగ్‌కు చేరదు. సబ్మిట్ బదులు ఎగ్జిక్యూట్ వాడండి, లేదా పని మొత్తాన్ని తప్పులను పట్టుకునే ట్రై-క్యాచ్‌లో చుట్టి తప్పును రిపోర్టు నంబరుతో సహా నమోదు చేయండి. ఎస్సెమ్మెస్ గేట్‌వేను పిలిచేచోట టైమౌట్ (ఇంతసేపే ఆగాలన్న గడువు) తప్పనిసరి. అది లేకపోతే జవాబు రాని ఒక్కో పిలుపూ ఒక్కో థ్రెడ్‌ను శాశ్వతంగా పట్టి ఉంచుతుంది.

2023లో వచ్చిన జావా 21లోని వర్చువల్ థ్రెడ్లకు (వేల సంఖ్యలో పుట్టించగల తేలికైన థ్రెడ్లకు) మారమని ఎవరైనా సూచించవచ్చు. ఎదురుచూపులే ఎక్కువగా ఉండే ఎస్సెమ్మెస్ భాగానికి అవి బాగానే నప్పుతాయి. పీడీఎఫ్ తయారీ ప్రాసెసర్ పని కనుక అక్కడ వాటివల్ల వేగం పెరగదు, గేట్‌వే పరిమితిని, ఒకేసారి ఎన్ని పిలుపులు సాగవచ్చో లెక్కపెట్టే సెమాఫోర్‌తో మీరే కాపాడుకోవాలి.

ప్రశ్న: రాత్రి కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు క్యూలో మిగిలిన పనులు ఏమవుతాయి?
- ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఎగ్జిక్యూటర్‌పై షట్‌డౌన్ పిలిస్తే కొత్త పనులు ఆగి, క్యూలో ఉన్నవి పూర్తవుతాయి. అయితే సర్వర్లలో ప్రోగ్రాములను నడిపి నిర్వహించే కుబర్నెటీస్ వాడుతుంటే, అది మీరు మార్చకపోతే 30 సెకన్లే ఆగి ప్రాసెస్‌ను చంపేస్తుంది. అప్పుడు మెమరీలోని క్యూ మొత్తం పోతుంది. పోకూడని పనులను డేటాబేస్ పట్టికలో ముందే రాసి, పూర్తయ్యాక గుర్తుపెట్టి, సర్వర్ లేచినప్పుడు మిగిలినవాటిని మళ్లీ ఎత్తుకోవాలి. పని ముగిశాక గుర్తుపెట్టేలోపే సర్వర్ పడిపోతే అదే పని రెండోసారి జరుగుతుంది కనుక, రెండుసార్లు జరిగినా నష్టం లేనట్టుగా దాన్ని రాసుకోవాలి.