షీట్‌లో ఉన్న చోట్లను ఆన్‌లైన్ మ్యాప్ మీద పెట్టడానికి ఏ టూల్ వాడాలి?

షీట్‌లో రెండు వేల చోట్ల వివరాలున్నాయి, నొక్కితే వివరం కనిపించే మ్యాప్ కావాలి, కానీ చుక్కలన్నీ సముద్రంలో పడుతున్నాయి అన్నారు. టూల్ మాట తర్వాత, ముందు ఆ సముద్రం సంగతి తేల్చుకోండి.

నా మొదటి మ్యాప్‌కి కూడా ఇదే జరిగింది. రెండు రోజులు కోడ్‌లోనే వెతికాను. తీరా చూస్తే తప్పు అంకెల వరుసలో ఉంది. వెబ్ పేజీలో మ్యాప్ చూపించే కోడ్ లైబ్రరీ లీఫ్‌లెట్ ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం అడుగుతుంది. చోట్ల వివరాలు రాసిపెట్టే జియోజేసన్ ఫైల్‌లో మాత్రం రేఖాంశమే ముందు రాయాలి. పారిస్ అక్షాంశం 48.85, రేఖాంశం 2.35. ఇవి తారుమారైతే చుక్క సోమాలియా తీరం దాటి హిందూ మహాసముద్రంలో తేలుతుంది. అలా కాకుండా కొన్ని చుక్కలు మాత్రమే ఆఫ్రికా పడమటి వైపు, గినియా సింధుశాఖలో ఒకేచోట కుప్ప పడ్డాయంటే, షీట్‌లో ఖాళీగా ఉన్న గళ్లు సున్నాలుగా మారాయన్నమాట. సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం కలిసే చోటు అదే.

ఇక టూల్. రెండు వేల చుక్కలకి లీఫ్‌లెట్ చాలు. 2011లో వచ్చింది, చాలా తేలిక, ఒక సాయంత్రం కూర్చుంటే పట్టుబడుతుంది. క్లస్టర్ ప్లగిన్ మాత్రం తప్పకుండా పెట్టండి. దగ్గర దగ్గరగా ఉన్న చుక్కలు ఒక గుండ్రంలో చేరి ఎన్ని ఉన్నాయో అంకె చూపిస్తాయి, జూమ్ చేసేకొద్దీ విడిపోతాయి. అది లేకుండా ఫోన్‌లో చూస్తే పిన్నుల కింద మ్యాపే కనబడదు. వివరం కూడా నొక్కితేనే వచ్చేలా పెట్టండి. మౌస్ ఆనితే కనిపించే ఏర్పాటు ఫోన్‌లో పనికిరాదు.

వెనకాల మ్యాప్‌గా, జనమే కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడితే మూలలో వాళ్ల పేరు ఉంచడం తప్పనిసరి. వాళ్ల సర్వర్లు విరాళాల మీద నడుస్తాయి కాబట్టి, జనం ఎక్కువగా వచ్చే సైట్ అయితే వేరే టైల్ సేవ (మ్యాప్‌ని చిన్న ముక్కలుగా పంపే సర్వర్) చూసుకోవడమే న్యాయం.

లక్షల్లో చుక్కలుంటే మ్యాప్‌లిబ్రే అనే మరో మ్యాప్ లైబ్రరీ వైపు వెళ్లండి. 2020 డిసెంబర్‌లో మ్యాప్‌బాక్స్ కంపెనీ తన లైబ్రరీ లైసెన్సు మార్చినప్పుడు, అంతకుముందరి ఓపెన్ కోడ్ నుంచి పుట్టిందే ఇది. గ్రాఫిక్స్ కార్డుతో గీస్తుంది కాబట్టి వేగంగా కదులుతుంది, నేర్చుకోవడానికి మాత్రం కాస్త ఓపిక కావాలి.

సరిహద్దు గీతలు కూడా వేసే ఆలోచన ఉంటే ఫైల్ బరువు చూసుకోండి. నేను ఒకసారి పెద్ద ఫైల్‌ని అలాగే ఎక్కించేశాను, పాత ఫోన్‌లో పేజీ తెరుచుకోనేలేదు. తెరిచి చూస్తే ఒక్కో బిందువుకి దశాంశం తర్వాత పద్నాలుగు అంకెలు! అయిదు అంకెలుంటే చాలు, దాదాపు మీటరు వరకు సరిగ్గా వస్తుంది. మ్యాప్‌షేపర్ అనే టూల్‌లో వేసి గీతల్ని సరళం చేశాక గానీ నా పేజీ కదల్లేదు.

ఇవాళే మొత్తం ఎక్కించకండి. మీకు బాగా తెలిసిన అయిదు చోట్లతో చిన్న ఫైల్ చేసి చూడండి, తప్పుంటే వెంటనే కంటికి తగులుతుంది. అప్పటికీ సముద్రంలోనే పడుతుంటే ఆ అయిదు వరుసలూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.