హామ్‌స్టర్ పంజరం: అంతస్తులు లెక్కలోకి రావు

ప్రశ్న: మా పాప పుట్టినరోజుకు మా తమ్ముడు బంగారు రంగు సిరియన్ హామ్‌స్టర్‌ను తెచ్చి ఇచ్చాడు. దుకాణంవాళ్లు దానితో పాటు అంటగట్టిన పంజరం అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ఉంటుంది. మూడు అంతస్తులు, రంగురంగుల ప్లాస్టిక్ గొట్టాలు, జానెడు కూడా లేని ఒక చక్రం ఉన్నాయి. రాత్రి పది దాటిందంటే తెల్లవారేదాకా ఊచలు కొరుకుతూనే ఉంటుంది. పళ్లు అరగదీసుకోవడానికే అలా కొరుకుతుందని దుకాణదారు చెప్పాడు. గుప్పెట్లో పట్టే ప్రాణికి ఇంతకన్నా పెద్ద ఇల్లు దేనికని మావారు అంటున్నారు. అసలు ఎంత పంజరం ఉండాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరిచ్చిన కొలతల ప్రకారం ఆ పంజరం నేల సుమారు 1,350 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒకటిన్నర చదరపు అడుగు. ఒక్క హామ్‌స్టర్‌కు కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని జర్మనీలో జంతు సంరక్షణ కోసం పనిచేసే పశువైద్యుల సంఘం సిఫారసు చేస్తోంది. ఆ లెక్కన నేల 5,000 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. మీ పాప దగ్గర ఉన్నదానికి ఇది మూడున్నర రెట్లకు పైమాటే. ఇక్కడ నేల అంటే ఒకే మట్టాన, అడ్డు లేకుండా పరుచుకున్న నేల మాత్రమే. పై అంతస్తుల విస్తీర్ణాన్ని ఇందులో కలిపి చూపించడం అమ్మకందారుల లెక్క. హామ్‌స్టర్‌కు దూరం, లోతు అంచనా వేసేంత చూపు లేదు. అంచు దాకా వచ్చి నేరుగా కింద పడిపోతుంది. ఒక జానెడు ఎత్తు నుంచి పడినా కాలు విరిగే ప్రమాదం ఉంది కాబట్టి, ఎత్తైన పంజరం దానికి ఉపయోగపడకపోగా హాని చేస్తుంది.

ఊచలు కొరకడం గురించి దుకాణదారు చెప్పినదాంట్లో సగమే నిజం ఉంది. హామ్‌స్టర్ ముందు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, వాటిని అరగదీసుకోవడానికి అది చెక్కముక్కలను, గట్టి గింజలను కొరుకుతుంది. గంటల తరబడి ఇనుప ఊచలను పట్టుకుని వదలకపోవడం మాత్రం వేరే సంగతి. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1,800 నుంచి 10,000 చదరపు సెంటీమీటర్ల వరకు నాలుగు పరిమాణాల పంజరాల్లో సిరియన్ హామ్‌స్టర్లను ఉంచి పరిశీలించి, ఆ ఫలితాలను 2007లో ప్రచురించారు. ఊచలు కొరకడం అన్ని పంజరాల్లోనూ కనిపించింది గానీ, చిన్న పంజరాల్లోనివి ఎక్కువసార్లు, ఎక్కువసేపు కొరికాయి. అవి తమ చెక్క గూటి కప్పును కూడా ఒక అరుగులా ఎక్కువగా వాడుకున్నాయి, అంటే కాలు మోపగల చోటు ఎక్కడ దొరికితే అక్కడికల్లా ఎక్కాయన్నమాట. వాళ్ల పరీక్షలో అన్నిటికన్నా చిన్న పంజరం కూడా మీ ఇంట్లో ఉన్నదానికంటే పెద్దదేనని మీవారికి చెప్పండి.

పొడవు వెడల్పులతో పాటు చూడవలసినది లోతు. మన పుస్తకాల్లోనూ దుకాణాల్లోనూ దీని ఊసే ఉండదు. సిరియా, టర్కీ సరిహద్దు పొలాల్లో అడవి హామ్‌స్టర్ల కలుగులను తవ్వి కొలిచినప్పుడు అవి సగటున 65 సెంటీమీటర్ల లోతున ఉన్నాయి, కొన్ని మీటరు దాటాయి. ఇళ్లలో పెరిగే సిరియన్ హామ్‌స్టర్లలో అత్యధిక భాగం 1930లో సిరియాలోని అలెప్పో నగరం దగ్గర పట్టిన ఒక తల్లి, దాని పిల్లల సంతతే. ఇన్ని తరాలు పంజరాల్లో గడిచినా తవ్వే అలవాటు వాటిని వదలలేదు. బెర్న్‌లోనే జరిగిన మరొక అధ్యయనంలో 10, 40, 80 సెంటీమీటర్ల మందాన పొట్టు పరిచి చూసినప్పుడు, 10 సెంటీమీటర్ల పొట్టులో ఉన్నవి మిగతావాటికంటే స్పష్టంగా ఎక్కువగా ఊచలు కొరికాయి. కాబట్టి పంజరం మార్చి, అడుగున రెండు వేళ్ల మందాన పొట్టు చల్లి ఊరుకుంటే మీ సమస్య సగమే తీరుతుంది. ఒక వైపు కనీసం 25 సెంటీమీటర్ల మందాన కాగితపు పొట్టు గానీ, ఘాటు వాసన లేని చెక్క పొట్టు గానీ నింపి, మధ్య మధ్యలో ఎండుగడ్డి పొరలు వేయండి. గడ్డి ఉంటే సొరంగం కూలకుండా నిలుస్తుంది. దేవదారు, పైన్ పొట్టు వాసన ఊపిరితిత్తులకు మంచిది కాదు. కలపకోత మిల్లులో దొరికే పొట్టులో ఏ చెక్క కలిసిందో తెలియదు కాబట్టి దాని జోలికి పోవద్దు.

ఎత్తు 50 సెంటీమీటర్లు ఎందుకో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. పెద్ద సిరియన్ హామ్‌స్టర్ వెన్ను వంగకుండా పరుగెత్తాలంటే చక్రం వ్యాసం 28 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పీటతో కలిపి అది 32 సెంటీమీటర్ల దాకా వస్తుంది. దాని కింద 10, 12 సెంటీమీటర్ల పొట్టు వేస్తే పైన నాలుగు వేళ్ల ఖాళీ మిగులుతుంది. అందుకే పొట్టు ఎత్తుగా ఉన్న వైపు కాకుండా తక్కువగా ఉన్న వైపు చక్రం పెట్టాలి. చక్రం, చెక్క గూడు వంటి బరువైన వస్తువులను పొట్టు మీద వదిలేయకుండా అడుగు దాకా దిగే కాళ్ల మీద నిలబెట్టాలి. లేకపోతే కింద తవ్విన సొరంగం కూలి జంతువు నలిగిపోవచ్చు. చక్రంలో మెట్లలాంటి కడ్డీలు ఉండకూడదు, కాలు ఇరుక్కుంటుంది.

ఇంత పంజరం దుకాణంలో దొరక్కపోతే, చేపల తొట్లు తయారుచేసేవారి దగ్గర కొలతలిచ్చి గాజు తొట్టి చేయించుకోవచ్చు. వారికి అడుగుల్లో చెప్పడం అలవాటు కాబట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు అంటే సరిపోతుంది, వెడల్పు 50 సెంటీమీటర్లకు కొద్దిగా తగ్గినా నేల సుమారు 5,500 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. పైన గాజు మూత వద్దు, ఇనుప జాలీ మూతే పెట్టించండి. నీళ్లు పోసే పని లేదు కనుక గాజు మరీ మందంగా ఉండనక్కర్లేదని ముందే చెబితే కొంత డబ్బు మిగులుతుంది. పెద్ద పంజరమంటే శుభ్రం చేయలేమని చాలామంది భయపడతారు. నిజానికి హామ్‌స్టర్ సాధారణంగా ఒకే మూలను మూత్రానికి వాడుతుంది, ఆ మూలలోని పొట్టు తీసి కొత్తది వేస్తే చాలు. చిన్న పంజరం రెండు రోజులకే కంపు కొడుతుంది, మొత్తం కడిగిన ప్రతిసారీ దాని సొంత వాసన పోయి అది కంగారు పడుతుంది.

ప్రశ్న: నా దగ్గర రెండు మరుగుజ్జు హామ్‌స్టర్లు ఉన్నాయి. ఒకే తల్లి పిల్లలని చెప్పి అమ్మారు. ఈ మధ్య ఒకటి రెండోదాన్ని తరుముతోంది. పంజరం రెట్టింపు చేస్తే సర్దుకుంటాయా? మరుగుజ్జు రకం కాబట్టి వీటికి చిన్న పంజరం చాలదా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. చాలదు. మరుగుజ్జుల్లో అన్నిటికన్నా చిన్నదైన రోబోరోవ్‌స్కీ రకం 20, 25 గ్రాములకు మించి తూగదు గానీ, పరుగులో పెద్దవాటికేమీ తీసిపోదు. మరుగుజ్జు రకాలకు తగ్గించుకోగలిగినది చక్రం కొలత, ఊచల మధ్య సందు మాత్రమే. చక్రం 20 సెంటీమీటర్లు చాలు. సందు మాత్రం సెంటీమీటరు కంటే తక్కువ ఉండాలి, రోబోరోవ్‌స్కీ అయితే అంతకన్నా ఇరుకు సందులో నుంచి కూడా జారిపోవచ్చు కనుక గాజు తొట్టే మేలు.

తరమడం విషయానికి వస్తే, పంజరం పెద్దదైతే గొడవ తగ్గుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. సిరియన్ రకాన్ని ఎప్పుడూ ఒంటరిగానే ఉంచాలి. కొన్ని మరుగుజ్జు రకాలు చిన్నప్పటి నుంచి కలిసి పెరిగితే కలిసి ఉండగలవు, కానీ ఒకసారి తరమడం మొదలై కిచకిచల దాకా, గాయాల దాకా వచ్చాక వాటిని మళ్లీ కలపకూడదు. బయట అయితే ఓడినది పారిపోతుంది, నాలుగు గోడల మధ్య దానికి ఆ వీలు లేదు. ఈ రోజే రెండో తొట్టి, రెండో నీళ్ల సీసా, రెండో చక్రం ఏర్పాటు చేయండి. ఉన్న పంజరానికే మధ్యలో అడ్డు పెడితే రెండిటికీ నేల సగమవుతుంది, పైగా ఒకదాని వాసన ఒకదానికి తగులుతూ అలజడి అలాగే మిగులుతుంది. అవి ఆడా మగా అన్నది కూడా పశువైద్యుడికి చూపించి తేల్చుకోండి. మరుగుజ్జు రకాల గర్భం సుమారు మూడు వారాలే, ఆలస్యం చేస్తే మీరు మూడో తొట్టి కూడా వెతుక్కోవలసి రావచ్చు.

ప్రశ్న: గాజు తొట్టి వేసవిలో వేడెక్కదా? ఎండాకాలం వరకైనా చిన్న ఊచల పంజరంలోకి మార్చవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మార్చవద్దు. చిన్న పంజరంలో తవ్వుకుని చల్లటి చోటుకు పోయే అవకాశం కూడా దానికి ఉండదు. హామ్‌స్టర్‌కు 18 నుంచి 24 డిగ్రీలు అనుకూలం, 30 దాటితే వడదెబ్బ భయం ఉంటుంది. మీ ఊళ్లో మే నెల ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. తొట్టిని కిటికీకి, వంటగది గోడకు దూరంగా, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో నేలకు దగ్గరగా ఉంచండి. ఏసీ ఉన్న గది అయితే మరీ మంచిది, కానీ గాలి నేరుగా తొట్టిలోకి కొట్టకూడదు. మనకు చెమట పడుతుంది కాబట్టి ఫ్యాను హాయిగా ఉంటుంది, హామ్‌స్టర్‌కు చెమట పట్టదు, ఫ్యాను గాలితో దానికి పెద్దగా ఒరిగేదేమీ లేదు. తొట్టిలో ఒక మూల నున్నటి టైల్ రాయి, బోర్లించిన మట్టి మూకుడు పెడితే వాటిని ఆనుకుని పడుకుంటుంది. కరెంటు పోయే మధ్యాహ్నాల్లో గడ్డకట్టించిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి తొట్టి బయట గాజుకు ఆనించండి. ఒళ్లు సోలి, నోటి చుట్టూ చొంగ కారుతూ, పిలిచినా కదలకుండా ఉంటే చల్లని గదిలోకి తెచ్చి, ఒంటిని చల్లటి (మంచు నీళ్లు కాని) తడిగుడ్డతో తడుపుతూ వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.