పిండిన నిమ్మచెక్కలకూ పనుంది

ప్రశ్న: ఎండాకాలమంతా మా ఇంట్లో బత్తాయి రసం, నిమ్మకాయ షర్బత్. తొక్కలు బకెట్ల కొద్దీ పారేస్తున్నాం. వాటితో ఏమైనా చేసుకోవచ్చా?
– ఓ గృహిణి, నకిరేకల్

జవాబు: నిమ్మకాయల మార్కెట్ ఉన్న ఊరు మీది, తొక్కలకు కొదవేముంది! మన నల్లగొండ బోరు నీళ్లకు స్టీలు గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది కదా. అందులో పిండిన నిమ్మచెక్కలు ఆరేడు వేసి, మునిగేలా నీళ్లు పోసి, పది నిమిషాలు మరిగించి ఓ గంట వదిలేయండి. పీచుతో రుద్దితే ఊడొస్తుంది. బత్తాయిలో పులుపు తక్కువ, దాంతో ఈ పని కాదు. (తొక్కలు వేస్తే నీళ్లలో ఫ్లోరైడ్ పోతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.)

ఇత్తడి చెంబుకైతే చెక్కను ఉప్పులో అద్ది తోమి, వెంటనే కడిగేయాలి. నేనోసారి తోమిన చెక్కలు షాబాదు బండ మీదే వదిలేసి ఫోన్‌లో పడ్డాను. గుండ్రంగా తెల్ల మచ్చలు పడ్డాయి, ఇప్పటికీ పోలేదు. అది సున్నపురాయి, పులుపు తగిలితే తినేస్తుంది.

బత్తాయి తొక్కలు గలగలమనేదాకా ఎండబెట్టి, పొడి కొట్టి సున్నిపిండిలో కలుపుకోండి. ముందు మోచేతి దగ్గర రాసి చూడండి, మా చిన్నకోడలికి మంట పుట్టింది.