స్ప్రింట్ కారు నడిపి బతకొచ్చా? ముందు ఆ కారు ఎవరిదో చెప్పండి

ప్రశ్న: పెన్సిల్వేనియాలో మెకానిక్స్‌బర్గ్ దగ్గర ఉంటాం. అబ్బాయికి 17 ఏళ్లు, ఇక్కడే పుట్టాడు. మూడేళ్లుగా 600 సీసీ మైక్రో స్ప్రింట్ (చిన్న రేసు కారు) నడుపుతున్నాడు, కొన్ని రేసులు గెలిచాడు కూడా. ఇప్పుడు కాలేజీ వద్దు, 410 స్ప్రింట్ కారు (పైన రెక్క ఉండే, పెద్ద ఇంజిన్ రేసు కారు) కొనివ్వండి, అదే నా కెరీర్ అంటున్నాడు. శంకర్‌పల్లిలో ప్లాటు ఉంది, అమ్మి కొనిద్దామా అని ఆలోచిస్తున్నాం. ఇందులో బతుకుతెరువు ఉంటుందా?

జవాబు:

ఉంటుందండీ, కొద్దిమందికి. మీరు మాత్రం వాడికి నడపడం ఎంత బాగా వచ్చన్న దగ్గరే ఆగిపోయారు. ఈ ఆటలో అసలు ప్రశ్న కారు ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారన్నది.

ఇక్కడ డ్రైవరుకి మామూలుగా జీతం ఉండదు. వచ్చిన ప్రైజ్ మనీలో 40 నుంచి 50 శాతం అతనికి, మిగతాది కారు ఓనరుకి. మన ఊళ్లలో పొలం పాలుకు చేసినట్టే, కాకపోతే ఇక్కడ విత్తనాలూ ఎరువులూ కూలీలూ అన్నీ ఆసామి నెత్తినే. మీ ఇంటి పక్కనే ఉన్న విలియమ్స్ గ్రోవ్ ట్రాకులో మామూలు శుక్రవారం రాత్రి గెలిస్తే ఐదు వేల డాలర్ల చుట్టూ వస్తాయి, పదో స్థానంలో వస్తే వందల్లోనే. నేనో లెక్క వేస్తాను, ఇది కేవలం నా ఊహ: ఏడాదికి 40 రాత్రులు, సగటున రాత్రికి 1,500 డాలర్లు (లోకల్‌గా అది బాగా నడిపినట్టే), మొత్తం 60 వేలు. 40 శాతం లెక్కన డ్రైవరుకి 24 వేలు. మీ ఊళ్లో దానితో అద్దె కట్టి తినగలరేమో మీరే చూసుకోండి, అది కూడా వానకి రేసులు రద్దు కాకపోతే.

ఇప్పుడు ఓనరు సంగతి. ఆయనకి మిగిలింది 36 వేలు. 410 క్యూబిక్ అంగుళాల కొత్త ఇంజిన్ ఒక్కటే 60 వేల డాలర్ల పైమాట, అదీ ఒక్కటి సరిపోదు, ఒకటి రీబిల్డ్‌కి వెళ్తే ఇంకోటి ఉండాలి. కుడి వెనక టైరు చాలాసార్లు ఒక్క రాత్రికే అయిపోతుంది, ఒక్కో టైరూ వందల డాలర్లు. మిథనాల్ ఇంధనం, విరిగే రెక్కలు, ట్రక్కు, ట్రెయిలర్, సాయానికి వచ్చే మనుషుల తిండి, ఇవన్నీ వేరే. అందుకే ఈ ఓనర్లలో ఎక్కువమంది వేరే వ్యాపారంలో సంపాదించి ఇక్కడ సరదాకి ఖర్చు పెట్టేవాళ్లు. ప్లాటు అమ్మితే మీరు కొనేది మీవాడికి కెరీర్ కాదు, మీకు ఆ ఓనరు పోస్టు. డబ్బుని మట్టిలో పోయడం అంటామే, ఇక్కడ ట్రాకు కూడా నిజంగా మట్టిదే.

పైస్థాయిలో డబ్బు లేదని కాదు. 1978లో మొదలై దేశమంతా తిరిగే వరల్డ్ ఆఫ్ అవుట్‌లాస్ రేసుల సిరీస్‌లో మామూలు రాత్రి గెలుపుకి కూడా 10 వేల డాలర్ల స్థాయి ఉంటుంది, అయోవాలో నాక్స్‌విల్ నేషనల్స్ అనే పెద్ద రేసు గెలిస్తే లక్షా యాభై వేలు దాటుతుంది, 2023లో ఒహాయోలోని ఎల్డోరా ట్రాకులో లోగన్ షూహార్ట్ అనే డ్రైవర్ ఒక్క రేసుకి 10,02,023 డాలర్లు గెలిచారు. డ్రైవర్లు కైల్ లార్సన్, బ్రాడ్ స్వీట్ పెట్టిన హై లిమిట్ సిరీస్ 2024 నుంచి దేశమంతా తిరుగుతోంది, రెండు సిరీస్‌లు పోటీ పడటం డ్రైవర్లకి మంచిదే. కానీ ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో మొదలుపెట్టి నవంబరు దాకా 80 రాత్రుల చొప్పున తిరగాలంటే ఎంత పెద్ద టీము కావాలో ఆలోచించండి. పదిసార్లు ఛాంపియన్ అయిన డానీ షాట్జ్ కూడా మొదట కుటుంబం కారులోనే గెలిచాడు, నిజమే, కాకపోతే వాళ్ల నాన్నకి నార్త్ డకోటాలో ట్రక్ స్టాప్ వ్యాపారం ఉంది. 2008లో పేరున్న రేసర్ టోనీ స్టూవర్ట్ టీముకి వెళ్లాక ఆ ఖర్చు ఇంకొకరిదైంది. లార్సన్ అసలు సంపాదన నాస్కార్ (స్టాక్ కార్ల పెద్ద రేసులు)లో అని మర్చిపోవద్దు. పేరుకీ డబ్బుకీ కూడా సంబంధం తక్కువే, టల్సాలో మిడ్జెట్ కార్ల (స్ప్రింట్ కంటే చిన్నవి) చిలీ బౌల్ రేసుకి మూడొందలకు పైగా కార్లు వస్తాయి, అయినా విజేతకి ఏళ్ల తరబడి ఇచ్చింది 10 వేలే. అంతకంటే టీషర్టులు అమ్ముకుని ఎక్కువ సంపాదించిన డ్రైవర్లు ఉంటారు, నవ్వకండి, ట్రెయిలర్ పక్కన ఆ బల్ల వేసేది అందుకే.

ఇంకోటి, చెప్పక తప్పదు. 2018 సెప్టెంబరులో మీకు దగ్గర్లోనే, బ్యాప్స్ మోటర్ స్పీడ్‌వేలో, గ్రెగ్ హాడ్నెట్ లాంటి తలపండిన డ్రైవర్ ప్రమాదంలో చనిపోయారు. భయపెట్టడానికి కాదు. మీ ఆరోగ్య బీమాలో అబ్బాయి 26 ఏళ్ల దాకా ఉండొచ్చు, రేసింగ్ గాయాలకి అది వర్తిస్తుందో లేదో మాత్రం ఇవాళే రాతపూర్వకంగా అడగండి. (ఇది చదివే వేరే తల్లిదండ్రులకి: పిల్లాడు హెచ్4 వీసా మీద ఉంటే ప్రైజ్ మనీ తీసుకోవడం పని చేసినట్టే లెక్క కావచ్చు, లాయర్‌ని అడక్కుండా ట్రాకు దగ్గర సంతకం పెట్టించకండి.)

మరి ఏం చేయాలి? ఈ చలికాలం మీ చుట్టుపక్కల 410 టీము షాపులో వాడిని పనికి పెట్టండి, మట్టి కడగడం దగ్గర్నుంచి. సెంట్రల్ పెన్సిల్వేనియా ఈ ఆటకి రాజధాని లాంటిది, చాలామందికి ఆ అదృష్టం కూడా ఉండదు. షాక్ అబ్జార్బర్లు సర్దడం, ఇంజిన్ విప్పడం వచ్చినవాడికి వారం వారం జీతం ఇచ్చే టీములు ఉన్నాయి, డ్రైవరుకి లేని సుఖం అది. సీటు కావాలంటే 358 లేదా 305 క్లాసులో (410 కంటే చిన్న ఇంజిన్లవి) ఎవరో ఒక ఓనరు తన కారు ఇవ్వాలి, అలా ఇచ్చేది కూడా వాళ్ల షాపులో రోజూ కనపడే కుర్రాడికే. కాలేజీ మాటకొస్తే, ఇండియానాపొలిస్‌లో 2008 నుంచి మోటర్‌స్పోర్ట్స్ ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది, ఇప్పుడది పర్డ్యూ యూనివర్సిటీ కింద నడుస్తోంది. షార్లెట్‌లో నార్త్ కరోలినా యూనివర్సిటీలో కూడా ఈ చదువు దొరుకుతుంది, చుట్టూ నాస్కార్ టీములే. "కాలేజీయా, రేసా" అని అడిగితే వాడు రేసే అంటాడు, "రేసు కార్ల కాలేజీ" అని చెప్పి చూడండి.

వచ్చే సీజన్ అయ్యేలోపు వేరేవాళ్ల కారులో ఒక్క సీటైనా వస్తే నాకు మళ్లీ రాయండి, అప్పుడు ఒప్పందంలో శాతాలు ఎలా మాట్లాడుకోవాలో చెబుతాను. అప్పటిదాకా శంకర్‌పల్లి బ్రోకరుకి ఫోన్ చేయకండి.